లియో బేక్‌లాండ్

లియో హెండ్రిక్ బేక్‌లాండ్ (1863 నవంబరు 14 – 1944 ఫిబ్రవరి 23) బెల్జియంలో జన్మించి అమెరికాలో స్థిరపడిన రసాయన శాస్త్రవేత్త, పారిశ్రామికవేత్త. పూర్తిగా కృత్రిమ పదార్థాలతో తయారైన మొట్టమొదటి ప్లాస్టిక్ అయిన బేకలైట్ ఇతని ఆవిష్కరణ. పెళుసుగా ఉండే రెసిన్‌కు నారను, పొట్టును, గుడ్డను జోడించి వేడితోను, ఒత్తిడితోను అచ్చులో పోతపోసే పద్ధతిని పరిశ్రమగా నిలబెట్టిన ఘనత కూడా ఇతనిదే. నేడు విమానాలలో, గాలిమరలలో, వాహనాలలో వాడే మిశ్రమ పదార్థాలన్నింటికీ ఈ పద్ధతి పూర్వరంగం వంటిది. తెలుగునాట ఇళ్లలో దశాబ్దాల పాటు కనిపించిన నల్లని స్విచ్‌లు, హోల్డర్లు, ప్లగ్గులు, ఎలక్ట్రీషియన్లు హైలం షీటు అని పిలిచే పలకలు ఇతని పరిశోధన ఫలితాలే.

బాల్యం, విద్యాభ్యాసం

బేక్‌లాండ్ బెల్జియంలోని ఘెంట్ నగరంలో ఒక పేద కుటుంబంలో జన్మించాడు. తండ్రి చెప్పులు కుట్టేవాడు. తల్లి ఇళ్లలో పనిచేసేది. కొడుకు కూడా తన వృత్తిలోనే కుదురుకోవాలని తండ్రి తలచాడు. చదువు వల్లనే బిడ్డ బాగుపడతాడని తల్లి నమ్మింది. బాలుడు పగలు బడికి వెళ్తూ, సాయంకాలాలు పురపాలక సాంకేతిక పాఠశాలలో రసాయన, భౌతిక శాస్త్రాలు నేర్చుకున్నాడు. ఘెంట్ నగరపాలక సంస్థ ఇచ్చిన ఉపకారవేతనంతో 1880లో విశ్వవిద్యాలయంలో చేరి, 1884లో, 21 ఏళ్లు నిండకముందే, డాక్టరేటు పట్టా పొందాడు.

కొంతకాలం బ్రూజ్ నగరంలో అధ్యాపకునిగా పనిచేసి, తరువాత ఘెంట్ విశ్వవిద్యాలయానికే తిరిగివచ్చాడు. తన గురువైన థియోడోర్ స్వార్ట్స్ కుమార్తె సెలీన్‌ను 1889 ఆగస్టులో వివాహం చేసుకున్నాడు. ఆ సంవత్సరమే విద్యాయాత్ర నిమిత్తం లభించిన పారితోషికంతో దంపతులిద్దరూ అమెరికా చేరుకున్నారు. కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు చార్లెస్ చాండ్లర్ ప్రోత్సాహంతో బేక్‌లాండ్ స్వదేశపు ఉద్యోగాన్ని వదులుకొని న్యూయార్కులోనే ఉండిపోయాడు. వీరి ముగ్గురు సంతానంలో పెద్దదైన జెన్నీ పసితనంలోనే మరణించింది. జార్జ్, నీనా మిగిలారు.

వెలాక్స్ కాగితం

అమెరికాలో బేక్‌లాండ్ మొదట ఫోటోగ్రఫీ సామగ్రి తయారుచేసే ఒక సంస్థలో రసాయనవేత్తగా చేరాడు. రెండేళ్ల తరువాత స్వతంత్రంగా సలహాదారు వృత్తి చేపట్టాడు. ఒకేసారి అనేక ప్రయోగాలు తలకెత్తుకొని ఏదీ పూర్తిచేయలేక, అనారోగ్యంతోను, అప్పులతోను బాధపడ్డాడు. కోలుకున్న తరువాత, ఫలితం త్వరగా రాగల ఒక్క పనినే పట్టుకోవాలని నిశ్చయించుకున్నాడు. ఆ నిశ్చయం ఫలితమే వెలాక్స్ అనే ఫోటో కాగితం.

అప్పటివరకు ఫోటోలను ఎండలో ముద్రించవలసి వచ్చేది. మబ్బు పడితే పని ఆగిపోయేది. వెలాక్స్ కాగితం మీద దీపపు వెలుగులోనే ముద్రించవచ్చును. లియొనార్డ్ జాకోబీ భాగస్వామ్యంతో న్యూయార్కు సమీపాన యాంకర్స్‌లో నెపెరా కెమికల్ కంపెనీని నెలకొల్పి దీనిని తయారుచేశారు. 1899లో ఈస్ట్‌మన్ కొడాక్ అధినేత జార్జ్ ఈస్ట్‌మన్ ఈ సంస్థను పెద్ద మొత్తానికి కొనుగోలు చేశాడు. దీనితో బేక్‌లాండ్ ధనవంతుడయ్యాడు. యాంకర్స్‌లో హడ్సన్ నదీతీరాన స్నగ్ రాక్ అనే భవనాన్ని కొని, అక్కడే ప్రయోగశాల ఏర్పరచుకున్నాడు. 1900లో జర్మనీ వెళ్లి విద్యుద్రసాయన శాస్త్రంలో తన పరిజ్ఞానాన్ని మెరుగుపరచుకుని వచ్చాడు. తిరిగి వచ్చాక నయాగరా వద్ద హుకర్ సంస్థ చేపట్టిన విద్యుద్రసాయన కర్మాగారానికి సలహాదారుగా వ్యవహరించాడు. ప్రయోగశాలలో ఫలించిన పనిని కర్మాగారం స్థాయికి పెంచేటప్పుడు ఎదురయ్యే చిక్కులను ఇక్కడే నేర్చుకున్నాడు.

లక్కకు ప్రత్యామ్నాయం

ఆ కాలంలో విద్యుత్ పరిశ్రమ వేగంగా విస్తరిస్తున్నది. తీగలకు, చుట్టలకు, మీటలకు విద్యున్నిరోధకంగా పనిచేసే పదార్థం కావలసి వచ్చింది. అందుకు వాడినవాటిలో ముఖ్యమైనది షెల్లాక్, అంటే శుద్ధిచేసిన లక్క. ఇది మోదుగ, రేగు, కుసుమ వంటి చెట్ల కొమ్మలపై జీవించే లక్కపురుగు స్రావం. హైదరాబాదు లాడ్ బజారులో గాజులకు వాడే లక్క కూడా ఇదే. ప్రపంచానికి కావలసిన లక్కలో అత్యధిక భాగం భారతదేశం నుండే ఎగుమతి అయ్యేది. పురుగుల దిగుబడిని గిరాకీకి తగినట్లుగా పెంచడం సాధ్యం కాదు కనుక ధరలు పెరిగిపోయాయి. లక్కకు సాటివచ్చే కృత్రిమ పదార్థాన్ని కనిపెట్టినవారికి మంచి లాభం ఉంటుందని బేక్‌లాండ్ గ్రహించాడు.

బొగ్గు తారు నుండి లభించే ఫినాల్‌ను, కలప సారా నుండి తయారయ్యే ఫార్మాల్డిహైడ్‌ను కలిపితే ఒక జిగురు ముద్ద ఏర్పడుతుందని జర్మన్ శాస్త్రవేత్త అడాల్ఫ్ వాన్ బేయర్ 1872లోనే గమనించాడు. అయితే ఆ ముద్ద పాత్రకు అంటుకొని గట్టిపడి, ఏ ద్రావణిలోను కరగక, పాత్రను కూడా పనికిరాకుండా చేసేది. రంగుల రసాయనాలపై దృష్టి ఉన్న బేయర్ దానిని పట్టించుకోలేదు. తరువాత మరికొందరు ప్రయత్నించినా, వచ్చిన పదార్థం నురుగులాగా బుడగలతో నిండి ఉండేది, లేదా గట్టిపడడానికి రోజుల తరబడి పట్టేది.

బేక్‌లాండ్ మొదట నోవోలాక్ అనే కరిగే రెసిన్‌ను తయారుచేశాడు. లక్కకు బదులుగా అది విపణిలో నిలవలేదు. అప్పుడతడు సమస్యను తలకిందులుగా చూశాడు. కరగని గుణాన్ని లోపంగా భావించి వదిలించుకోవడం మాని, దానినే ప్రయోజనంగా మలచుకోదలచాడు. మెత్తని కలపలోకి ఈ రసాయనాలను ఇంకించి, లోపలే గట్టిపడేలా చేస్తే కలప బలపడుతుందేమోనని ప్రయోగాలు చేశాడు. 1907 జూన్ నెలలో ఈ ప్రయోగాల మధ్యనే అసలైన పదార్థం అతనికి చిక్కింది.

వేడి, ఒత్తిడి

ఫినాల్, ఫార్మాల్డిహైడ్‌లు కలిసేటప్పుడు నీరు విడుదలవుతుంది. వేడి ఎక్కువైతే ఆ నీరు ఆవిరై, ముద్దలో బుడగలుగా చిక్కుకుంటుంది. వేడి తగ్గిస్తే బుడగలు తగ్గుతాయి గాని చర్య మందగిస్తుంది. పూర్వ పరిశోధకులందరూ ఈ చిక్కులోనే పడి, ఉష్ణోగ్రతను తగ్గిస్తూ పోయారు. బేక్‌లాండ్ అందుకు విరుద్ధంగా ఉష్ణోగ్రతను పెంచి, దానితోపాటు బయటి నుండి ఒత్తిడిని కూడా పెంచాడు. ఒత్తిడి వల్ల ఆవిరి ముద్దను ఉబ్బించలేకపోయింది. సుమారు 150 డిగ్రీల సెల్సియస్ వద్ద ముద్ద కొద్దిసేపటిలోనే నునుపైన, గట్టి, పారదర్శకమైన ఘనపదార్థంగా మారింది. ఇందుకోసం వాడిన ఆవిరి పీడనపాత్రకు బేకలైజర్ అని పేరు. అది నేటికీ అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థలో భద్రంగా ఉంది.

ఈ చర్యలో మూడు దశలను బేక్‌లాండ్ గుర్తించాడు. మొదటి దశలో రెసిన్ ద్రవంగానో, వేడికి కరిగే ముద్దగానో ఉంటుంది. రెండవ దశలో గట్టిపడినా, వేడిచేస్తే మెత్తబడి అచ్చులో ఒదుగుతుంది. మూడవ దశలో అణువులన్నీ వలలాగా ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి. ఆ పైన ఎంత వేడిచేసినా కరగదు. మరీ ఎక్కువైతే మాడిపోతుంది. చర్యను రెండవ దశ వద్ద ఆపి, పొడిగా నిలవ ఉంచి, అచ్చులో మూడవ దశకు చేర్చవచ్చునని తెలియడమే తయారీకి మూలాధారమైంది.

1907 జూలై 13న ఈ పద్ధతికి పేటెంటు కోరుతూ దరఖాస్తు చేశాడు. 1909 డిసెంబరు 7న అది మంజూరైంది. ఇంగ్లండులో జేమ్స్ స్విన్‌బర్న్ అనే శాస్త్రవేత్త కూడా ఇదే మార్గంలో పరిశోధించి, ఒక్కరోజు ఆలస్యం వల్ల పేటెంటు హక్కును కోల్పోయాడు. 1909 ఫిబ్రవరిలో అమెరికన్ కెమికల్ సొసైటీ న్యూయార్కు విభాగం సమావేశంలో బేక్‌లాండ్ తన ఆవిష్కరణను లోకానికి వెల్లడించాడు.

నార చేర్చడం

శుద్ధమైన బేకలైట్ చూడడానికి అందంగా ఉన్నా పెళుసుగా ఉండేది. దెబ్బ తగిలితే పగిలేది. ఈ లోపాన్ని తీర్చినది నార. పల్లెల్లో మట్టిగోడ పెట్టేవారు మట్టిలో వరిగడ్డి కలిపి తొక్కుతారు. మట్టి ఆకారాన్ని నిలుపుతుంది, గడ్డి బీటలను ఆపుతుంది. ఏ ఒక్కటీ విడిగా గోడ కాలేదు. రెసిన్, నార కలిసినప్పుడు జరిగేది కూడా ఇదే. రెసిన్ నారలను కదలకుండా పట్టి ఉంచి, బరువును ఒక నార నుండి మరొక నారకు చేరవేస్తుంది. లాగుడుకు నార తట్టుకుంటుంది. ఒకచోట పుట్టిన పగులు నారను దాటి ముందుకు పోలేక ఆగిపోతుంది.

సాధారణమైన వస్తువులకు రంపపుపొట్టు వంటి మెత్తని కలపపొడిని కలిపేవారు. దీనివల్ల ఖర్చు కూడా తగ్గింది. దెబ్బకు ఓర్చవలసిన వస్తువులకు నూలు, గుడ్డపీలికలు, వేడికి తట్టుకోవలసిన వాటికి ఆస్‌బెస్టాస్ నార చేర్చేవారు. రెసిన్‌ను, నారను వేడి రోలర్ల మధ్య నలిపి, చల్లార్చి, పొడిచేసేవారు. ఆ పొడిని కొలతప్రకారం ఉక్కు అచ్చులో పోసి, వేడిచేస్తూ ప్రెస్సుతో నొక్కితే కొన్ని నిమిషాలలో వస్తువు సిద్ధమయ్యేది. చెక్కడం, తొలవడం, సానపట్టడం వంటి పనులు చాలావరకు తప్పిపోయాయి. 1908 నాటికి న్యూజెర్సీ రాష్ట్రంలోని బూంటన్‌లో ఒక రబ్బరు కర్మాగారం వెస్టన్ విద్యుత్ పరికరాల సంస్థ కోసం బేకలైట్ భాగాలను పోతపోసింది. ఇదే దాని మొదటి వాణిజ్య వినియోగం.

రెండవ మార్గం పొరలుగా అతికించడం. కాగితాన్ని గాని, నూలు గుడ్డను గాని రెసిన్‌లో ముంచి, ఆరబెట్టి, ఒకదానిపై ఒకటి పేర్చి, వేడి ప్రెస్సులో నొక్కితే గట్టి పలక వస్తుంది. వెస్టింగ్‌హౌస్ సంస్థ ఈ విధంగా మైకార్టాను తయారుచేసింది. ఆ సంస్థలోని ఇద్దరు ఇంజనీర్లు డేనియల్ ఓకానర్, హెర్బర్ట్ ఫేబర్ 1913లో బయటికి వచ్చి ఫార్మికా కంపెనీని స్థాపించారు. అభ్రకానికి బదులు అనే అర్థంలో వారు ఆ పేరు పెట్టారు.

వ్యాపార విస్తరణ

బేక్‌లాండ్ మొదట తయారీహక్కును ఇతరులకు ఇచ్చి రుసుము పొందాలని తలచాడు. కాని కొన్నవారు ఉష్ణోగ్రతను, ఒత్తిడిని సరిగా పాటించలేక సరుకు పాడుచేసుకున్నారు. దానితో తానే తయారీకి దిగక తప్పలేదు. 1910లో జనరల్ బేకలైట్ కంపెనీ ఏర్పడి, న్యూజెర్సీలోని పెర్త్ ఆంబాయ్‌లో కర్మాగారం వెలిసింది. అదే సంవత్సరం జర్మనీలో బెర్లిన్ సమీపాన ఎర్క్‌నర్‌లో కూడా ఉత్పత్తి మొదలైంది. ఇటువంటి రెసిన్‌లనే తయారుచేస్తున్న కాండెన్సైట్, రెడ్‌మనాల్ సంస్థలతో పేటెంటు వివాదాలు నడిచాయి. 1922లో ఈ మూడు సంస్థలు విలీనమై బేకలైట్ కార్పొరేషన్‌గా ఏర్పడ్డాయి. బ్రిటన్‌లో స్విన్‌బర్న్ స్థాపించిన సంస్థ కూడా 1926లో బేకలైట్ లిమిటెడ్‌లో కలిసింది. నిన్నటి పోటీదారుడైన స్విన్‌బర్న్ దానికి అధ్యక్షుడయ్యాడు.

మోటారు కార్ల విద్యుత్ భాగాలు, టెలిఫోన్లు, రేడియో పెట్టెలు, కెమెరాలు, పాత్రల పిడులు, అన్నింటిలోను బేకలైట్ ప్రవేశించింది. 1924 సెప్టెంబరులో టైమ్ పత్రిక బేక్‌లాండ్ చిత్రాన్ని ముఖచిత్రంగా ప్రచురించింది.

తెలుగునాట

20వ శతాబ్దపు ద్వితీయార్ధంలో హైదరాబాదు సనత్‌నగర్ పారిశ్రామికవాడలో బేకలైట్ హైలం సంస్థ ఫినాల్ రెసిన్‌తో కాగితపు, గుడ్డ పలకలను తయారుచేసింది. హైదరాబాద్, లామినేట్ అనే మాటల కలయికయే హైలం. ఆ పేరు క్రమంగా వస్తువు పేరుగానే స్థిరపడి, ఏ సంస్థ తయారుచేసినా ఎలక్ట్రీషియన్లు హైలం షీటు అని అనడం అలవాటైంది. చెక్కపెట్టె మీద హైలం పలక బిగించి, దానిమీద నల్లని గుండ్రని స్విచ్‌లు అమర్చిన బోర్డు గ్రామాల విద్యుదీకరణ కాలంలో ఇంటింటా కనిపించేది. ఆ పలకలో ఉన్నది కాగితమో, నూలుగుడ్డో, దానిని పట్టి ఉంచినది బేక్‌లాండ్ రెసిన్.

వ్యక్తిత్వం, చివరి రోజులు

బేక్‌లాండ్ క్రమశిక్షణ కలవాడు. 1907 నుండి దశాబ్దాల పాటు తన ప్రయోగాలను, రోజువారీ విషయాలను దినచర్య పుస్తకాలలో రాసి ఉంచాడు. అరవైకి పైగా ఉన్న ఆ సంపుటాలు స్మిత్సోనియన్ సంస్థలో భద్రపరచబడ్డాయి. కారు ప్రయాణమన్నా, పడవ ప్రయాణమన్నా ఇతనికి ఎంతో మక్కువ. 1906లో కుటుంబంతో కారులో యూరప్ పర్యటించి, ఆ అనుభవాలను పుస్తకంగా ప్రచురించాడు. అయాన్ అనే సొంత పడవ ఉండేది.

కుమారుడు జార్జ్‌కు వ్యాపారంపై ఆసక్తి లేకపోయింది. 1939లో బేక్‌లాండ్ తన సంస్థను యూనియన్ కార్బైడ్‌కు అప్పగించి విశ్రాంతి తీసుకున్నాడు. చివరి సంవత్సరాలలో ఫ్లోరిడాలోని కోకోనట్ గ్రోవ్‌లో ఎక్కువ కాలం గడిపాడు. వయసు పైబడిన కొద్దీ ఒంటరితనాన్ని కోరుకొని, డబ్బాలలోని ఆహారాన్నే నేరుగా తింటూ నిరాడంబరంగా జీవించాడు. 1944 ఫిబ్రవరి 23న న్యూయార్కు రాష్ట్రంలోని బీకన్‌లో 80వ ఏట మరణించాడు. స్లీపీ హాలో శ్మశానవాటికలో ఇతని సమాధి ఉంది.

గౌరవాలు

1916లో పెర్కిన్ పతకం లభించింది. 1924లో అమెరికన్ కెమికల్ సొసైటీకి అధ్యక్షుడయ్యాడు. 1978లో అమెరికా జాతీయ ఆవిష్కర్తల గౌరవ జాబితాలో ఇతని పేరు చేరింది. 1993లో బేకలైజర్‌ను అమెరికన్ కెమికల్ సొసైటీ చారిత్రక రసాయన చిహ్నంగా గుర్తించింది.

బేకలైట్ ప్రభావం, పరిమితులు

ప్లాస్టిక్‌లు ప్రధానంగా రెండు రకాలు. వేడికి మెత్తబడి, చల్లారితే గట్టిపడి, మళ్లీ వేడికి మెత్తబడేవి థర్మోప్లాస్టిక్‌లు. మైనం ఇటువంటి స్వభావం కలది. ఒకసారి గట్టిపడితే ఇక మారనివి థర్మోసెట్టింగ్ ప్లాస్టిక్‌లు. బేకలైట్ ఈ రెండవ రకానికి చెందినది. మేళ్లచెరువు కర్మాగారాలలో తయారయ్యే సిమెంటు నీటితో కలిసి ఒకసారి గట్టిపడ్డాక, నలగగొట్టినా మళ్లీ సిమెంటు కానట్లే, బేకలైట్‌ను మళ్లీ కరిగించి పోతపోయలేము. పొయ్యి దగ్గర ఉండే పాత్ర పిడికి ఈ గుణం వరం. వాడి పారవేసిన వస్తువుకు ఇదే శాపం. పాతబడిన బేకలైట్‌ను పొడిచేసి పూరకంగా వాడడం మినహా దానిని తిరిగి ముడిసరుకుగా మార్చడం కష్టం.

కర్మికుల ఆరోగ్యం మరొక సమస్య. వేడికి తట్టుకోవడానికి చేర్చిన ఆస్‌బెస్టాస్ నార దుమ్ము ఊపిరితిత్తుల వ్యాధులకు, క్యాన్సరుకు కారణమని తరువాత రుజువై, అనేక దేశాలు దానిని నిషేధించాయి. ఫార్మాల్డిహైడ్‌ను కూడా 2004లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మానవులలో క్యాన్సరు కారకంగా వర్గీకరించింది. బేక్‌లాండ్ కాలానికి ఈ ప్రమాదాల తీవ్రత తెలియదు.

1930లలో గాజునార పారిశ్రామికంగా తయారుకావడంతో నార, రెసిన్‌ల కలయిక కొత్త బలం పొందింది. నైలాన్, పాలీప్రొపిలీన్ వంటి థర్మోప్లాస్టిక్‌లు వచ్చిన తరువాత వాటిలో తెగిన గాజుపోగులను కలిపి, కరిగించి, ఒత్తిడితో అచ్చులోకి ఎక్కించే పద్ధతి కారు భాగాల తయారీలో స్థిరపడింది. ఇక్కడ రసాయన చర్య పూర్తయ్యేవరకు ఆగనవసరం లేదు. చల్లారితే చాలు, వస్తువు సిద్ధమవుతుంది. తిరిగి కరిగించవచ్చును కూడా. కాని కరిగిన థర్మోప్లాస్టిక్ చిక్కగా ఉండి, పొడవైన నారల మధ్యకు సులభంగా ఇంకదు. అందువల్ల అనంతపురం జిల్లా కొండలపై కనిపించే గాలిమరల రెక్కల వంటి పెద్ద వస్తువులకు, పలుచగా పారి ఆ తరువాత గట్టిపడే థర్మోసెట్టింగ్ రెసిన్‌లనే వాడుతూ వచ్చారు. కాలం తీరిన రెక్కలను ఏంచేయాలన్నది ప్రపంచమంతటా సమస్యగా మారింది.

దీనికి పరిష్కారంగా, నీళ్లలా పలుచగా ఉండి, నారల మధ్యకు ఇంకిన తరువాత అచ్చులోనే థర్మోప్లాస్టిక్‌గా మారే రెసిన్‌లను రూపొందించారు. 2022లో స్పెయిన్‌లో ఇటువంటి రెసిన్‌తో 62 మీటర్ల పొడవైన గాలిమర రెక్కను తయారుచేశారు. దానిని విడదీసి, రెసిన్‌ను తిరిగి పొందడమే ఆ ప్రయత్నపు లక్ష్యం. అచ్చులో నారను పేర్చడం, రెసిన్ నింపడం, వేడిని, ఒత్తిడిని అదుపులో ఉంచడం అనే క్రమం బేక్‌లాండ్ నాటిదే. అతడు ఎన్నటికీ కరగని పదార్థాన్ని సాధించాడు. తరువాతి తరాలు అంతే గట్టిగా ఉండి, అవసరమైనప్పుడు కరిగే పదార్థం కోసం కృషి చేస్తున్నాయి.